ప్రపంచ మహిళల వాలీబాల్ ఛాంపియన్‌షిప్: ఉత్తర తెలంగాణ బాలికల క్రీడకు ఒక పాఠం

(పాత్రికేయులు, క్రీడాధికారులు, విద్యాశాఖాధికారుల సమాచారార్థం ప్రత్యేక వ్యాసం)

కరీంనగర్, ఆదిలాబాద్: అంతర్జాతీయ స్థాయిలో మహిళల వాలీబాల్‌కు సంబంధించి అత్యంత ప్రాచీనమైన, ప్రతిష్ఠాత్మకమైన పోటీ ప్రపంచ మహిళల వాలీబాల్ ఛాంపియన్‌షిప్. 1952 నుంచి 2025 వరకు ఈ పోటీ 20 పర్యాయములు జరిగింది. తొలి పోటీలో పాల్గొన్న 8 దేశాలలో భారతదేశం ఒకటి. అయితే ఆ తరువాత జరిగిన 19 పోటీలలో ఒక్కదానిలోనూ భారత మహిళల జట్టు కనిపించలేదు. ఊరూరా వాలీబాల్ నెట్ కనిపించే ఉత్తర తెలంగాణ జిల్లాలలో ఈ విషయం క్రీడాభిమానులకు సైతం అంతగా తెలియదు. ఆ పోటీ చరిత్రను, నియమాలను, విజేత దేశాలు అనుసరించిన మార్గాలను వివరిస్తూ, పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలోని బాలికలకు వాటి నుంచి గ్రహించదగినదేమిటో తెలియజేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

తొలి పోటీలో భారత జట్టు

అంతర్జాతీయ వాలీబాల్ సమాఖ్య 1947లో పారిస్‌లో ఏర్పడింది. పురుషులకు తొలి ప్రపంచ ఛాంపియన్‌షిప్ 1949లో ప్రేగ్ నగరంలో జరుగగా, మహిళల విభాగాన్ని 1952 ఆగస్టులో మాస్కోలో ప్రారంభించారు. సోవియట్ యూనియన్, పోలండ్, చెకోస్లొవేకియా, బల్గేరియా, రుమేనియా, హంగరీ, ఫ్రాన్స్, భారత్ జట్లు ఇందులో పాల్గొన్నాయి. ఆతిథ్య సోవియట్ జట్టు విజేతగా నిలువగా, పోలండ్ ద్వితీయ, చెకోస్లొవేకియా తృతీయ స్థానాలు పొందాయి. భారత జట్టు 8వ స్థానంతో తిరిగి వచ్చింది.

భారత వాలీబాల్ సమాఖ్య ఏర్పడినది 1951లోనే. అంటే జాతీయ సంస్థ ఏర్పడిన మరుసటి ఏడాదికే మన మహిళలు ప్రపంచ వేదికపై నిలిచారు. ఐరోపా ఖండానికి వెలుపలి నుంచి ఆ పోటీకి హాజరైన ఏకైక మహిళా జట్టు మనదే. జపాన్, చైనా, క్యూబా, బ్రెజిల్ జట్లు ఆనాటికి ప్రపంచ వేదిక ఎక్కనే లేదు. స్థానం చివరిది కావచ్చునుగాని, ప్రవేశం మాత్రం ఆసియాలో అందరికంటె ముందు జరిగింది.

ఇరవై పోటీలు, ఎనిమిది విజేత జట్లు

సోవియట్ యూనియన్ 1952, 1956, 1960, 1970, 1990 సంవత్సరాలలో 5 పర్యాయములు విజేతగా నిలిచింది. జపాన్ 1962, 1967, 1974లలోను, క్యూబా 1978, 1994, 1998లలోను మూడేసి సార్లు గెలుపొందాయి. చైనా 1982, 1986లలోను, రష్యా 2006, 2010లలోను, సెర్బియా 2018, 2022లలోను, ఇటలీ 2002, 2025లలోను రెండేసి సార్లు టైటిల్ సాధించాయి. అమెరికా 2014లో ఒక్కసారి గెలిచింది. ఒలింపిక్స్‌లో స్వర్ణాలు పొందిన బ్రెజిల్ మహిళలకు ఈ టైటిల్ ఇంతవరకు దక్కలేదు. 1994, 2006, 2010, 2022లలో ఆ జట్టు ద్వితీయ స్థానంతో సరిపెట్టుకొన్నది.

ఈ పోటీపై రాజకీయ పరిణామాల ప్రభావం కూడ పడింది. 1967లో టోక్యోలో జరిగిన పోటీకి తూర్పు ఐరోపా దేశాలు హాజరు కాకపోవడంతో జపాన్, అమెరికా, దక్షిణ కొరియా, పెరూ జట్లు మాత్రమే తలపడినవి. జట్ల సంఖ్యలో హెచ్చుతగ్గులు ఉన్నప్పటికీ, కాలక్రమంలో మొత్తం మీద అది పెరిగింది. 1998లో 16 జట్లు, 2002లో 24 జట్లు, 2025లో 32 జట్లు పాల్గొన్నాయి.

నూలు మిల్లు జట్టు ప్రపంచ విజేత అయిన తీరు

1950వ దశకంలో ఆసియా దేశాలలో తొమ్మిది మంది చొప్పున ఆడే వాలీబాల్ విరివిగా ఉండేది. 1958 టోక్యో ఆసియా క్రీడలలో ఆరుగురి, తొమ్మిది మంది పోటీలు రెండూ నిర్వహించారు. ఆ ఏడాది ఆరుగురి విభాగంలో భారత పురుషుల జట్టు కాంస్య పతకం పొందింది. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ఆరుగురి ఆటకు మారిన కొద్దికాలానికే, 1960లో, జపాన్ మహిళలు తొలిసారిగా ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో పాల్గొని ద్వితీయ స్థానం పొందారు. 1962లో సోవియట్ గడ్డపైనే సోవియట్ జట్టును ఓడించి విజేతలయ్యారు. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో వాలీబాల్‌ను తొలిసారి ప్రవేశపెట్టినపుడు స్వర్ణ పతకం కూడ వారిదే.

ఈ విజయాలకు మూలం ఒసాకా ప్రాంతంలోని కైజుకా పట్టణంలో ఉన్న నిచిబో నూలు మిల్లు. 1964 జాతీయ జట్టులో అత్యధికులు ఆ మిల్లు జట్టు క్రీడాకారిణులే. శిక్షకుడు హిరోబుమి దైమత్సు. నాయకురాలు మసాయె కసాయ్. పగటివేళ మిల్లులో విధులు ముగించుకొని, సాయంత్రం నుంచి రాత్రి పొద్దుపోయే వరకు సాధన చేసేవారు. నేలను తాకబోయే బంతిని దొర్లుతూ అందుకొని వెంటనే లేచి నిలబడే పద్ధతిని ఆ జట్టు ప్రసిద్ధిలోకి తెచ్చింది. ఎత్తులో తమను మించిన ఐరోపా క్రీడాకారిణుల స్మాష్‌లను ఆ రక్షణతోనే వమ్ము చేసింది. దైమత్సు శిక్షణలోని కాఠిన్యంపై ఆ రోజులలోనే విమర్శలు వచ్చాయి. గాయాలను, విశ్రాంతిని లెక్కచేయని అటువంటి పద్ధతిని నేడు అనుసరించవలసిన పని లేదు. కాని ఒకేచోట నివసించే బాలికలు, నిర్ణీత వేళ, ఒకే శిక్షకుని వద్ద ఏళ్ల తరబడి సాధన చేయడమనే అంశం మాత్రం నేటికీ విలువైనదే.

చైనా, క్యూబా, థాయ్‌లాండ్ అనుభవం

చైనా 1972లో ఫుజియాన్ రాష్ట్రంలోని ఝాంగ్‌ఝౌ పట్టణంలో వాలీబాల్ శిక్షణ కేంద్రాన్ని నెలకొల్పింది. దశాబ్దం గడిచేలోపు ఫలితం కనిపించింది. 1981 ప్రపంచ కప్, 1982 ప్రపంచ ఛాంపియన్‌షిప్, 1984 ఒలింపిక్స్, 1985 ప్రపంచ కప్, 1986 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లను చైనా మహిళలు వరుసగా గెలుచుకొన్నారు. ఆ తరానికి చెందిన లాంగ్ పింగ్ తరువాతి కాలంలో శిక్షకురాలిగా మారి 2016 రియో ఒలింపిక్స్‌లో చైనాకు స్వర్ణం సాధించిపెట్టారు.

క్యూబా 1994, 1998 ప్రపంచ టైటిళ్లతోపాటు 1992, 1996, 2000 ఒలింపిక్స్ స్వర్ణాలను కూడ సాధించింది. ఆ జట్టులో ప్రపంచ ప్రసిద్ధి పొందిన స్మాషర్ మిరెయా లూయిస్ ఎత్తు సుమారు 1.75 మీటర్లు. వాలీబాల్‌కు అది గొప్ప ఎత్తు కాదు. నేల నుంచి ఎగిరే శక్తి ఆమె ప్రత్యేకత.

మనకు మరింత దగ్గరి ఉదాహరణ థాయ్‌లాండ్. శారీరక ఎత్తులో చైనా, జపాన్ జట్లకంటె తక్కువైనప్పటికీ, ఒకే బృందాన్ని చిన్న వయసు నుంచి కలిపి ఉంచి, వేగవంతమైన పాస్‌లతో కూడిన ఆటను ఆ దేశం అభివృద్ధి చేసుకొన్నది. 2009లో చైనాను ఓడించి తొలిసారి ఆసియా విజేత అయింది. 2013, 2023లలో ఆ టైటిల్‌ను తిరిగి సాధించింది. 2025 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కు ఆతిథ్యం ఇచ్చింది. అదే పోటీలో వియత్నాం తొలిసారి ప్రవేశం పొందడం గమనార్హం.

2025 పోటీ, అర్హత విధానం

20వ ప్రపంచ మహిళల ఛాంపియన్‌షిప్ 2025 ఆగస్టు 22 నుంచి సెప్టెంబర్ 7 వరకు బ్యాంకాక్, ఫుకెట్, చియాంగ్ మాయ్, నఖోన్ రాచసీమా నగరాలలో జరిగింది. 32 జట్లను నాలుగేసి చొప్పున 8 గ్రూపులుగా విభజించారు. ప్రతి గ్రూపులో ముందు నిలిచిన 2 జట్లు తదుపరి దశకు చేరగా, అక్కడి నుంచి ఓడిన జట్టు నిష్క్రమించే పద్ధతి పాటించారు. మొత్తం 64 మ్యాచ్‌లు జరిగాయి. తుది పోటీలో ఇటలీ 3-2 సెట్లతో టర్కీపై గెలుపొందింది. బ్రెజిల్ తృతీయ, జపాన్ చతుర్థ స్థానాలు పొందాయి.

ఆతిథ్య దేశానికి, అంతకు ముందటి విజేతకు నేరుగా ప్రవేశం లభించింది. ఖండాల ఛాంపియన్‌షిప్‌లలో ముందున్న జట్లకు కొన్ని స్థానాలు, ప్రపంచ ర్యాంకింగు ఆధారంగా తక్కిన స్థానాలు కేటాయించారు. దీనివల్ల, అప్పుడప్పుడు ఒక పోటీలో మెరుగైన ఆట చూపినంత మాత్రాన ప్రవేశం లభించదు. అంతర్జాతీయ మ్యాచ్‌లు క్రమం తప్పక ఆడుతూ, ర్యాంకింగు పెంచుకొంటూ రావలసి ఉంటుంది.

ఈ విషయంలో భారత మహిళల స్థితి మిశ్రమంగా ఉన్నది. 2016లో గువాహతిలోను, 2019లో కాఠ్మండులోను జరిగిన దక్షిణాసియా క్రీడలలో భారత మహిళల జట్టు స్వర్ణ పతకాలు సాధించింది. 2019 తుది పోటీలో ఆతిథ్య నేపాల్‌పై 3-2 సెట్లతో గెలిచింది. దక్షిణాసియాలో అగ్రస్థానంలో నిలువగలిగిన జట్టు, ఆసియాలోని తొలి వరుస జట్ల సరసకు చేరవలసి ఉన్నది.

ఆట కొలతలు, నియమాలు

గ్రామ, పాఠశాల స్థాయిలో కోర్టులు సిద్ధం చేయించే అధికారుల ఉపయోగార్థం ముఖ్యమైన కొలతలు ఈ దిగువ ఇవ్వడమైనది.

కోర్టు పొడవు 18 మీటర్లు, వెడల్పు 9 మీటర్లు. మధ్య గీత నుంచి ఇరువైపులా 3 మీటర్ల దూరంలో అటాక్ గీత ఉండాలి. కోర్టు చుట్టూ కనీసం 3 మీటర్ల ఖాళీ స్థలం అవసరం. కావున ఒక కోర్టుకు 24 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు గల స్థలం కేటాయించాలి. నెట్ పైఅంచు ఎత్తు మహిళలకు 2.24 మీటర్లు, పురుషులకు 2.43 మీటర్లు. బంతి చుట్టుకొలత 65 నుంచి 67 సెంటీమీటర్లు, బరువు 260 నుంచి 280 గ్రాములు.

పై కొలతలలో నెట్ ఎత్తు ప్రత్యేకంగా గమనించవలసినది. పురుషుల ఎత్తుకు శాశ్వతంగా బిగించిన నెట్ వద్ద బాలికలు సాధన చేసినచో, వారి స్మాష్, బ్లాక్ రెండూ పోటీకి తగినట్లు రూపొందవు. రెండు నెట్‌ల మధ్య వ్యత్యాసం 19 సెంటీమీటర్లు. నెట్‌ను దించడానికి, ఎత్తడానికి వీలున్న స్తంభాలు ఏర్పాటు చేస్తే ఒకే కోర్టు ఇరువురికీ ఉపయోగపడుతుంది.

కోర్టులో ఒక్కొక్క జట్టుకు ఆరుగురు ఉంటారు. సర్వీసు హక్కు తిరిగి పొందిన ప్రతిసారి వారు గడియారపు ముల్లు దిశలో స్థానాలు మారాలి. బ్లాక్‌ను మినహాయించి, ఒక జట్టు బంతిని మూడు స్పర్శలలోపు అవతలి వైపునకు పంపాలి. తొలి నాలుగు సెట్లకు 25 పాయింట్లు, అయిదవ సెట్‌కు 15 పాయింట్లు. రెండు పాయింట్ల ఆధిక్యం తప్పనిసరి. పూర్వం సర్వీసు చేసే జట్టుకే పాయింటు లభించేది. 1990వ దశకం చివర ఆ పద్ధతిని మార్చి, ప్రతి ర్యాలీకి పాయింటు ఇచ్చే విధానాన్ని తెచ్చారు. రక్షణకు మాత్రమే పరిమితమైన లిబరో స్థానాన్ని 1998లో అంతర్జాతీయ పోటీలలో ప్రవేశపెట్టారు. లిబరో తక్కినవారికి భిన్నమైన రంగు చొక్కా ధరించాలి. ఎత్తు తక్కువైనా చురుకుదనం గల బాలికలకు ఈ స్థానం గొప్ప అవకాశం.

కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల నేపథ్యం

పూర్వపు కరీంనగర్ జిల్లాలో 57, ఆదిలాబాద్ జిల్లాలో 52 మండలాలు ఉండేవి. 2016 అక్టోబర్ 11న జరిగిన పునర్వ్యవస్థీకరణలో కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఒకవైపు, ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలు మరొకవైపు ఏర్పడ్డాయి. కొన్ని మండలాలు ఇతర జిల్లాలలో కలిశాయి.

ఈ ప్రాంతంలో వాలీబాల్ ఖర్చు తక్కువ, ఆదరణ ఎక్కువ కలిగిన ఆట. రెండు గుంజలు, ఒక నెట్, ఒక బంతి ఉంటే పొలం పనులు ముగిసిన సాయంత్రం ఊరి యువకులు ఆటకు దిగుతారు. సింగరేణి బొగ్గు గని పట్టణాలలో కార్మికుల క్రీడాసంఘం ఆటలను ప్రోత్సహిస్తూ వచ్చింది. ఏజెన్సీ గ్రామాలలో పోలీసు శాఖ వాలీబాల్ కిట్లు పంపిణీ చేయడం, గిరిజన యువతకు పోటీలు నిర్వహించడం పాత్రికేయులకు సుపరిచితమైన వార్తలు. 2022లో ప్రారంభమైన తెలంగాణ క్రీడా ప్రాంగణాల కార్యక్రమం కింద గ్రామాలలో వాలీబాల్ కోర్టుకు కూడ చోటు కల్పించారు.

అయితే ఈ కోర్టులలో సాయంత్రం వేళ కనిపించేది ఎక్కువగా యువకులే. ఆడపిల్ల పదో తరగతి దాటిన తరువాత ఊరి కోర్టుకు రావడం అరుదు. చీకటి పడేలోపు ఇల్లు చేరవలసిన నిర్బంధం, ఇంటి పని, పురుషుల మధ్య ఆడేందుకు సంకోచం, మహిళా శిక్షకుల కొరత ఇందుకు ప్రధాన కారణాలు. కావున ఊరి కోర్టు ఒక్కటే బాలికల జట్టును తయారు చేయజాలదు.

ఇక్కడే కైజుకా మిల్లు జట్టు అనుభవం మన ప్రాంతానికి అన్వయిస్తుంది. సిరిసిల్ల మరమగ్గాల పట్టణం. జగిత్యాల, నిర్మల్ ప్రాంతాలలో బీడీలు చుట్టే మహిళలు వేల సంఖ్యలో ఉన్నారు. ఉట్నూరు సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ పరిధిలో గోండు, కొలాం తదితర తెగల కుటుంబాలు నివసిస్తున్నాయి. ఈ శ్రామిక కుటుంబాల బాలికలలో అనేకులు కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలలో, సాంఘిక, గిరిజన సంక్షేమ గురుకులాలలో, ఆశ్రమ పాఠశాలలలో చదువుకొంటున్నారు. వీరు ఉండేది పాఠశాల ఆవరణలోనే. ఆటకు వచ్చి ఇల్లు చేరే భయం లేదు. ఆరవ తరగతిలో చేరిన బాలిక పదవ తరగతి వరకు, అంటే 5 సంవత్సరాలు, అదే సహచరులతో కలిసి ఉంటుంది. ప్రపంచ విజేతలను తయారు చేసిన రెండు అంశాలు, కలిసి ఉండడం, క్రమం తప్పని సమయం, ఇక్కడ ఇదివరకే ఉన్నాయి. శిక్షకురాలు, సరైన ఎత్తులో నెట్, తగినన్ని బంతులు మాత్రమే సమకూర్చవలసి ఉన్నది.

ప్రతిభ చూపిన బాలికలను పై మెట్టుకు చేర్చే సంస్థలు కూడ అందుబాటులో ఉన్నాయి. కరీంనగర్‌లో ప్రాంతీయ క్రీడా పాఠశాల, ఆదిలాబాద్‌లో క్రీడా పాఠశాల, ఆసిఫాబాద్‌లో గిరిజన బాలికల ఆదర్శ క్రీడా పాఠశాల, హైదరాబాద్ సమీపంలోని హకీంపేటలో 1993లో నెలకొల్పిన రాష్ట్ర క్రీడా పాఠశాల ఇందులో పేర్కొనదగినవి. కరీంనగర్ అంబేద్కర్ స్టేడియం, ఆదిలాబాద్ ఇందిరా ప్రియదర్శిని స్టేడియం జిల్లా స్థాయి పోటీలకు వేదికలు.

పోషకాహారం విషయం విస్మరించరాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల మహిళలలో 57.6 శాతం మంది రక్తహీనతతో ఉన్నారు. పదే పదే ఎగిరి దూకవలసిన ఆటకు ఇది పెద్ద అవరోధం. సాధన ప్రారంభించే ముందు రక్తపరీక్ష చేయించడం, లోపమున్నవారికి ఇనుము మాత్రలు, పోషకాహారం అందజేయడం శిక్షణలో భాగంగానే భావించాలి.

స్ఫూర్తినిచ్చిన వాలీబాల్ కుటుంబం

హైదరాబాద్‌కు చెందిన అబ్దుల్ బాసిత్ 1989లోను, పి.వి. రమణ 2000లోను, రవికాంత్ రెడ్డి 2002లోను వాలీబాల్‌లో అర్జున పురస్కారం పొందారు. రమణ 1986 సియోల్ ఆసియా క్రీడలలో కాంస్యం సాధించిన భారత జట్టు సభ్యులు. ఆయన సతీమణి విజయ కూడ వాలీబాల్ క్రీడాకారిణి. వీరి కుమార్తె పి.వి. సింధు బ్యాడ్మింటన్‌ను ఎంచుకొని 2016 రియో ఒలింపిక్స్‌లో రజతం, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో కాంస్యం, 2019లో ప్రపంచ టైటిల్ సాధించారు. తల్లి ఆడిన ఇంట్లో కుమార్తె ఆటకు ప్రత్యేకంగా అనుమతి కోరవలసిన అవసరం ఉండదు. నేడు కోర్టులో దిగే బాలిక రేపటి తరానికి ఆ సౌలభ్యాన్ని కల్పిస్తుంది.

వార్తా రచనలో గమనించవలసినవి

ప్రపంచ ఛాంపియన్‌షిప్, ప్రపంచ కప్ ఒకటి కావు. మహిళల ప్రపంచ కప్ 1973లో ఉరుగ్వేలో వేరుగా ప్రారంభమైనది. 2018లో ప్రారంభమైన నేషన్స్ లీగ్ మరొక పోటీ. రికార్డులు పేర్కొనేటపుడు సోవియట్ యూనియన్ సాధించిన 5 టైటిళ్లను, రష్యా సాధించిన 2 టైటిళ్లను విడివిడిగా చూపడం సముచితం. ఫలితాన్ని సెట్లలో తెలిపి, ప్రతి సెట్ పాయింట్లను కూడ ఇస్తే ఆట ఏ మేరకు హోరాహోరీగా సాగినదో పాఠకులకు తెలుస్తుంది. మండల, జిల్లా పోటీల వార్తలలో ముఖ్య అతిథుల పేర్లతోపాటు బాలికల విభాగంలో ఎన్ని జట్లు వచ్చాయో, ఏ పాఠశాలల నుంచి వచ్చాయో నమోదు చేయడం ఎంతో ప్రయోజనకరం. ఏడాదికేడాది ఆ సంఖ్య పెరుగుతున్నదా, తగ్గుతున్నదా అనేది అధికారులకు అసలైన సూచిక.

1952లో మాస్కో వెళ్లిన భారత మహిళలకు ముందు దారి లేదు. వారే దారి వేశారు. ఆ దారిలో మరొక జట్టు నడవడానికి ఏడు దశాబ్దాలకు పైగా గడిచినా వీలు కాలేదు. ప్రపంచ వేదికకు చేరే జట్టు ఒక్క జిల్లా నుంచి తయారు కాదు. అయితే ఆ జట్టుకు ఎంపిక కాదగిన బాలిక ఏదో ఒక మండలంలో, ఏదో ఒక గురుకుల పాఠశాల ఆవరణలో, 2.24 మీటర్ల నెట్ ముందు నిలిచి తొలి సర్వీసు చేయవలసి ఉంటుంది. ఆ నెట్ కట్టించడం జిల్లా స్థాయిలో సాధ్యమైన పని.